రైలొస్తే లేచి నిలబడే మనిషి

మహేంద్రతనయ ఏటి మీద రైలు వంతెనకి ఈ మధ్యనే పేరు చెడింది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. రైలు లైటు పడగానే గట్టున తెల్లచీర మనిషొకత్తి లేచి నిలబడుతుందట... రైలు వెళ్లిపోతే ఆ మనిషీ ఉండదట. ఏ బండి కింద పడిందో అని ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నోటికి పన్నా ఏటి?

ఇదంతా తెలిసీ వెళ్లాడు ప్రేమ్ సాగర్, ఖర్మ! పలాసలో పెళ్లిఫొటోలు తీస్తాడు. తలంబ్రాలు, అప్పగింతలు తీసి తీసి విసిగిపోయాడు. జనం గోడకి తగిలించుకుని మురిసిపోయే ఫొటో ఒక్కటి తీయాలని వాడి ఆశ. ఆ ఏటి గట్టునే కొత్తిల్లు కట్టిన జీడిపప్పు ఫ్యాక్టరీ రాజకుమారి పిలిచింది.

"హాల్లో పెద్ద ఫొటో ఎట్టాల బాబూ. ఏరు, వంతెన, దీపాల్తో రైలు. ఆదివారం విందుకి గోడ మీదుండాల. బాగుంటే మా సుట్టాలిళ్లన్నిటికీ నువ్వే. లేదంటే పెళ్లిళ్లే తీసుకో."

అంతటితో ఆగకుండా మెరిసిపోతున్న బాత్‌రూములన్నీ తిప్పి చూపించింది. గుమ్మంలో కూర్చున్న అత్తగారు దాలమ్మ మూతి తిప్పుకుంది.

చీకటి పడుతుండగా గట్టున కెమెరా స్టాండు నిలబెట్టాడు. చడీచప్పుడూ లేదు... పట్టాలు సన్నగా జుమ్మన్నాయి. రైలు దీపాలు బంగారు తీగలా సాగి పడాలని షట్టరు తెరిచి ఉంచాడు. వంతెన మీద లైటు పడింది.

పొదల్లోంచి — తెల్లగా — లేచింది.

కదల్లేదు. మొహం మీద కొంగు. చేతిలో ఏదో తళుక్కుమంది.

"యేసయ్యా... యేసయ్యా..." ఆ తర్వాత ప్రార్థన గుర్తు రాలేదు వాడికి, బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగి కూడా! రైలు పోయింది. చీకట్లోంచి గుసగుస —

"ఎల్లిపోనాదా...?"

అంతే! స్టాండు చంకనెట్టుకుని, చెప్పులు ఏటికి వదిలేసి పరుగు లంకించుకున్నాడు.

మళ్లీ వెళ్లే దమ్ము లేదు. ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. అదేమో ఎంత బాగా కుదిరిందని! పైన బంగారు తీగ, నీళ్లలో దాని నీడ, గట్టున ఆ మనిషి. ఆమెని చెరిపేద్దామని కూర్చున్నాడు గానీ చేతులాడలేదు. దెయ్యంతో పరాచికాలా?

ఆదివారం పొద్దున ఫ్రేము గోడెక్కింది. రాజకుమారి చూసి గుండెలు బాదుకుంది.

"కొత్తింట్లో దెయ్యాన్ని తగిలిత్తావేటయ్యా! దించు ముందు!"

ప్రేమ్ సాగర్ ప్రాణం ఉసూరుమంది. మళ్లీ తలంబ్రాలే గతి. స్టూలెక్కబోతుంటే దాలమ్మ వచ్చి కళ్లు చికిలించింది.

"దెయ్యమేటే? నాను! అదిగో నా సెంబు. నీ నున్నటి గదుల్లో కూకుంటే నాకు రాదు, ఏటి సెయ్యను? రోజూ గట్టుకే ఎల్తన్నాను. రైలొత్తే ఆడది నెగిసి నిలబడొద్దా, అంతమంది సూత్తారని? ఎల్లిపోనాదా బాబూ అని అడిగితే ఈడు పారిపోనాడు!"

అప్పుడే టెక్కలి ఆడపడుచు రత్నాలమ్మ చుట్టాలందరితో లోపలికొచ్చి ఫొటో ముందు ఆగిపోయింది.

"అబ్బ, ఎంత బాగుందో! గట్టున ఆ తెల్లగా ఎవరే వదినా?"

రాజకుమారి అత్తగారిని చూసింది. బాత్‌రూముల వైపు చూసింది.

"దెయ్యం," అంది.

"మా హాల్లోకీ దెయ్యం ఉన్నదే కావాల!" అంది రత్నాలమ్మ. వెనకున్నవాళ్లూ మాకూ మాకూ అన్నారు.

ప్రేమ్ సాగర్ మెల్లిగా దాలమ్మ పక్కకి చేరాడు.

"మామ్మా... రేపు సాయంత్రం రైలేళకి ఎల్తావా?"

"నాదేటుంది బాబూ, కడుపు సెప్పాల."