బ్రేకు వెయ్యకూడని మలుపు

బైపాస్ రోడ్డు మీద, మూతపడ్డ పెట్రోల్ బంకు దాటాక ఒక మలుపుంది. అక్కడ ఎవరూ బ్రేకు వెయ్యరు. ఎంత పొగమంచున్నా, ఎంత వాన కురుస్తున్నా... కాలు యాక్సిలరేటర్ మీదే ఉండాలి. అది వ్యాన్ డ్రైవర్ల నియమం.

ఎందుకంటే అక్కడ కాళ్ళు కనిపిస్తాయట. ఒట్టి కాళ్ళు. పాదాల దగ్గర తెల్లగా మెరుస్తూ, పైన మనిషి లేకుండా, బండి ముందు కదులుతుంటాయట. బ్రేకు వేశామా... ఎక్కి పక్క సీట్లో కూర్చుంటాయి. ఎక్కాక ఇక దిగవు.

ఒకప్పుడు డ్రిల్లు మాస్టారొకాయన తెల్లవారకముందే ఆ రోడ్డు మీద పరుగెత్తేవాడు. ఒక వాన రోజు పొద్దున మలుపు పక్క కాలవలో శవమై కనిపించాడు. ఏ బండి గుద్దిందో ఎవరికీ తెలియలేదు. ఆయనే అలా తిరుగుతున్నాడని చెప్పుకుంటారు. ఆ కాళ్ళని మొట్టమొదట చూసింది డ్రైవర్లందరిలోకీ సీనియర్, అందరూ పెద్దన్న అని పిలిచే ఆయన. నియమం పెట్టిందీ ఆయనే.

నేను దెయ్యాల్ని నమ్మను. ఆ మాటకొస్తే డ్రైవర్లనీ అంతగా నమ్మను. కానీ ఇది మా బావ చెప్పాడు.

బావ బేకరీ వ్యాన్ నడుపుతాడు. తెల్లారేసరికి దుకాణాలకి బ్రెడ్డు అందాలి. అక్క కుట్టు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఎడమ మోకాలి ఆపరేషన్ అయ్యాక, రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టర్ తేల్చి చెప్పేశాడు. కాలు బిగుసుకుపోతే మెషిన్ తొక్కలేదు, ఉద్యోగం పోతుంది. షిఫ్టుకి ముందే నడవాలి. నడవడానికి ఇంటి దగ్గరున్నది ఆ బైపాసొక్కటే.

అలా నడిచేది మా అక్క — నల్ల స్వెటర్, నల్ల ప్యాంటు, చెవుల్లో పాటలు, వీపు వెనక బండ్లు.

"బండ్లకి వీపు చూపించి నడుస్తావేంటే? ఎదురుగా నడువు, వచ్చేది కనబడుతుంది. ఆ నల్ల బట్టల్లో నువ్వు నాకే కనబడవు, ఇంకెవడికి కనబడతావు?" అని బావ నెత్తీ నోరూ బాదుకునేవాడు.

"పెళ్ళైన దగ్గర్నుంచీ మీకు నేనెప్పుడు కనబడ్డాను లెండి!" అనేది అక్క.

ఆ తెల్లవారుజామున విపరీతమైన పొగమంచు. బావ పెట్రోల్ బంకు దాటాడు. మలుపు తిరుగుతుండగా —

కాళ్ళు.

రెండే కాళ్ళు. చీలమండల దగ్గర తెల్లటి మెరుపు. పైన ఏమీ లేదు... ఒట్టి చీకటి. నేరుగా బండి మీదికే వస్తున్నాయి.

పెద్దన్న మాట బావ చెవిలో గింగురుమంది — "ఆపకు... తొక్కేయ్." కాలు దానంతటదే యాక్సిలరేటర్‌ని అదిమేసింది. కాళ్ళు దగ్గరకొచ్చాయి... ఇంకా దగ్గరకి...

కుడికాలు మామూలుగానే పడుతోంది. ఎడమకాలు... కాస్త ఆగి, ఈడ్చుకుంటూ పడుతోంది.

ఆ నడక బావకి తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు, వంటింటికీ వాకిలికీ మధ్య చెయ్యి పట్టుకుని నడిపించింది ఆయనే.

"దెయ్యమే అయితే ఎక్కనీ, నా పక్కనే కూర్చోనీ అనుకున్నానురా" అన్నాడు నాతో. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. వెనక బ్రెడ్డు ట్రేలన్నీ కూలిపోయాయి. బండి అడ్డం తిరిగి, రోడ్డుని గీరుకుంటూ పోయి, ఆగింది.

ఎదురుగా కాళ్ళు లేవు.

బావ తలుపు తీసుకుని పడ్డట్టే దిగాడు. మోకాళ్ళ మీద కూలబడి, బండి కింద రెండు చేతులతో తడిమాడు. చక్రం పక్కన ఏదో తగిలింది. బూటు. మడమ చుట్టూ మెరిసే పట్టీ... లోపల కాలు లేదు. దాన్ని గుండెకి హత్తుకుని అక్కడే ఉండిపోయాడట.

"ఏమండీ..."

కాలవలోంచి వచ్చింది గొంతు. ఒళ్ళంతా బురదతో, ఒంటి బూటుతో అక్క పాక్కుంటూ పైకొచ్చింది.

"ఎదురుగా నడవబట్టి బతికానండీ. లైట్లు చూసి దూకేశాను."

ఫ్యాక్టరీలో రోడ్డు పనివాళ్ళ జాకెట్లకి కుట్టగా మిగిలిన మెరుపు పట్టీ ముక్కలవి. ముందురోజు రాత్రి, బావ పోరు పడలేక, ఆయన నిద్రపోయాక బూట్లకి కుట్టుకుంది. "స్వెటర్‌కి కూడా వేద్దామనుకున్నా, పట్టీ చాల్లేదు" అంది తప్పు చేసినదానిలా. బావ ఆమెని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రోజే వ్యాన్ల డిపో ముందు టీ కొట్టుకి వెళ్ళాడు. డ్రైవర్లంతా అక్కడే ఉన్నారు. పెద్దన్న ఎప్పటిలాగే మధ్యలో కూర్చున్నాడు.

"అన్నా, ఆ కాళ్ళు మొదటిసారి ఎప్పుడు చూశావు?"

ఎన్నోసార్లు చెప్పిన కథే. పెద్దన్న హుషారుగా అందుకున్నాడు.

"జోరు వాన. ఇంకా తెల్లారలేదు. తెల్ల బూట్లు రెండు ముందు గెంతుతున్నాయి... పైన మనిషి లేడు. భయమేసి తొక్కేశాను. గుంతలో పడ్డట్టు బండి ఎగిరింది. ఇక్కడికొచ్చి ఇదే బల్ల మీద టీ తాగుతుంటే కబురు తెలిసింది, డ్రిల్లు మాస్టారు కాలవలో పడున్నాడని. అప్పుడనుకున్నా, నాకు కనబడింది ఆయన దెయ్యమేనని..."

"అన్నా" అన్నాడు బావ, చాలా మెల్లగా. "అంతకుముందు ఆ మలుపులో ఎవరన్నా చచ్చిపోయారా?"

"లేదు. ఆయనే మొదలు."

"మరి ఆయన పోయాడని నీకు తెలిసేసరికి... నువ్వు మలుపు దాటొచ్చేశావు కదా. నీ బండి ఎగిరింది దేని మీద?"

పెద్దన్న చేతిలో గ్లాసు వంగిపోయి టీ వేళ్ళ మీదుగా కారుతోంది. వేడి తెలియడం లేదు కాబోలు... ఆయన గ్లాసు కింద పెట్టలేదు.