కిందికి దిగని గీత

"మాత్రలా?" అన్నాడు ఏజెంట్ జెడ్-14. "సబ్‌మెరీన్లూ శాటిలైట్లూ అన్నీ అయిపోయాయా సార్?"

మారేడ్‌పల్లిలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉంటుంది ఆ రహస్య విభాగం. చీఫ్ రాజేందర్ ఫైలు ముందుకు తోశాడు.

"జెర ఇను నతానియేల్. అల్వాల్‌ల ఒక ల్యాబు. డాక్టర్ కల్పలత కంప్యూటర్ మోడల్ తయారు చేసింది. మాత్ర కడుపుల కరగొద్దు, చిన్నపేగుల కరగొద్దు, పెద్దపేగుకు పొయ్యినంకనే విప్పుకోవాలె. దానికి పై కోటింగ్ ఎంత మందం ఉండాల్నో ఆ మోడల్ చెప్తది."

"ఎవరిక్కావాలి ఇది?"

"పెద్దపేగుల పుండ్లయి రక్తం పోయేటోళ్లకు. ముప్పై ఆరు మంది పాత మందులు బంద్ చేసి ట్రయల్ కోసం ఎదురు చూస్తున్నరు. ఇయ్యాల పన్నెండింటికి మొదటి బ్యాచ్ షురూ. ఆర్కిడ్ అనే ఫారిన్ ముఠా మోడల్‌ల అంకెలు మార్చి ట్రయల్‌ను ముంచాలని చూస్తున్నది. మన డబుల్ ఏజెంట్ ప్రిసిల్లా లోపలనే ఉన్నది, కన్సల్టెంట్ లెక్క."

ప్రిసిల్లా పేరు వినగానే జెడ్-14 కాలరు సర్దుకున్నాడు.

చీఫ్ ఫోన్ స్పీకర్ ఆన్ చేశాడు. అవతల కల్పలత. "కోటింగ్ కరిగేది పీహెచ్‌ను బట్టే సర్. కడుపు నుంచి కిందికి పోయిన కొద్దీ అది పెరుగుతది. కానీ పెద్దపేగు మొదట్ల కొంచెం తగ్గుతది. గ్రాఫ్‌ల గీత అక్కడ దిగాలె. దిగలేదంటే అంకెలు ఎవరో మార్చినట్టే. అప్పుడు మోడల్ ఎక్కువ మందం చెప్తది, మాత్ర విప్పుకోకుండనే బయటికొస్తది. పేషెంట్లకు రక్తం ఆగదు."

జెడ్-14 ఆవలించాడు. తన స్థాయికి తగని కేసుల్లో అతడు వివరాలు వినడు. తన స్థాయికి తగిన కేసు ఇరవై ఏళ్లుగా ఒక్కటీ తగల్లేదు.

పదకొండున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబు గేటు దగ్గర దిగాడు. రిజిస్టర్‌లో 'ఏసీ రిపేరు' అని రాసి గేట్ పాస్ తీసుకున్నాడు. చేతికి కెమెరా వాచీ. డిపార్ట్‌మెంట్ చవగ్గా కొన్నది, ఎటు తిప్పినా సీలింగునే తీస్తుంది.

కోటింగ్ గదిలో ప్రిసిల్లా నిలబడి ఉంది. తెల్లకోటు వేసుకున్నా సెంటు వాసన గదంతా ఉంది. మాత్రల డ్రమ్ము పక్కన ఆపరేటర్ జంగయ్య. పంతొమ్మిదేళ్ల సర్వీసు, మెడలో ఐడీ కార్డు, ముఖాన విసుగు.

"మెట్టుగూడలో నీళ్లొచ్చాయా?" అన్నాడు జెడ్-14 గొంతు తగ్గించి.

"వచ్చాయి, ఉప్పగా ఉన్నాయి." కోడ్ సరిపోయింది. "అంతా క్లియర్. కల్పలతకు ఆసుపత్రి నుంచి అర్జెంటు ఫోనొస్తే వెళ్లింది. నేను చూసుకుంటాను."

ఆ ఫోను చేయించింది ఎవరో అడగాలని అతడికి తట్టలేదు. నవ్వితే బుగ్గన సొట్ట పడే మనిషిని అనుమానించడం అతడికి రాదు. స్టూలెక్కి ఏసీ మూత విప్పుతున్నట్టు నటించాడు. ఎదురుగా స్క్రీను మీద గీత ఎడమ నుంచి కుడికి పైపైకి, ఎక్కడా దిగకుండా పోతోంది. చూశాడు. ఏసీలో దుమ్ము ఎక్కువగా ఉందనుకున్నాడు.

పదకొండూ యాభై తొమ్మిది.

"స్టార్ట్ చెయ్ జంగయ్యా," అంది ప్రిసిల్లా.

జంగయ్య కదల్లేదు. ఆమె తనే వచ్చి బటన్ నొక్కింది. డ్రమ్ము తిరిగింది. స్ప్రే గన్ నుంచి చుక్క కూడా రాలేదు. మళ్లీ నొక్కింది.

"స్ప్రేకు పొయ్యే గాలి లైను బంద్ చేసిన మేడం," అన్నాడు జంగయ్య. "గీత దిగలే. పంతొమ్మిదేండ్ల సంది జూస్తున్న, గా జాగల దిగాలె. కల్పలత మేడంకు సుత ఫోన్ జేసిన. దవాఖానోళ్లు పిలువనే లేదంట, వస్తున్నది."

ప్రిసిల్లా బుగ్గన సొట్ట మాయమైంది. కోటు జేబులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. అది చూసి జెడ్-14 స్టూలు మీద తూలాడు. చేతిలోని ఏసీ మూత జారి సరిగ్గా ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ బీరువా కిందికి జారిపోయింది. దీన్ని అతడు రిపోర్టులో 'ఏరియల్ అటాక్' అని రాసుకున్నాడు.

పది నిమిషాల్లో చీఫ్ మనుషులొచ్చి ఆమెను తీసుకుపోయారు. కల్పలత పరుగున వచ్చి పాత అంకెలు ఎక్కించింది. గీత దిగాల్సిన చోట దిగింది. జంగయ్య గాలి తిప్పాడు. డ్రమ్ములో మాత్రలు తడిసి మెరిశాయి. కల్పలత కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది.

జెడ్-14 కాలరు సర్దుకుని తలుపు వైపు నడిచాడు. "నేను మెకానిక్‌ను కాను. దేశం పని మీద వచ్చాను. థాంక్స్ అక్కర్లేదు."

"ఏ పని మీదొస్తె ఏంది తమ్మీ," అన్నాడు జంగయ్య గేట్ పాస్ చూపించి. "ఏసీ రిపేరని రాసినవ్. పని అయిందని నేను సంతకం బెడితెనే గేటు దాటనిస్తరు. పొద్దటి సంది ఉడుకుతున్నం ఈడ."

ఇరవై ఏళ్లుగా శత్రువులెవరూ ఆపలేని జెడ్-14 స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్లీ స్టూలెక్కాడు.