పైవాడి గులాబీ కుండీలు

పార్సిల్ విప్పగానే అమ్మ ముఖం మాడిపోయింది. మట్టి లేదు, ఆకు లేదు. తడి కాగితంలో చుట్టిన ఆరు ముళ్లపుల్లలు, వాటికి వేలాడుతున్న వేర్లు.

“ఇవా గులాబీలు? పొయ్యిలోకైనా పనికిరావే!”

“నిద్రలో ఉన్నాయమ్మా,” అంది కూతురు. “కాసేపు నీళ్లలో నానబెట్టి నేలలో నాటితే అవే లేస్తాయి.”

“నేలలో వద్దండీ!” మేడ మెట్ల మీంచి ఓ మగగొంతు వినిపించింది.

కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే ఆ అమ్మాయికి మహా ఓపికని పేరు. పై వాటాలో లిఫ్ట్ మెకానిక్ అద్దెకు దిగాక ఆ పేరు కాస్తా పోయింది. తల్లీకూతుళ్లు చాటుగా అతన్ని ‘పైవాడు’ అనేవారు.

“ముందు కుండీల్లో పెట్టండి. ఇక్కడంతా బంకమన్ను. వాన పడితే లేత వేరు కుళ్లిపోతుంది,” అన్నాడతను దిగి వస్తూ.

“కుండీలో అయితే ఎండకి ఉడికిపోతుంది. అయినా ఒకసారి నాటి, మళ్లీ పీకి, మళ్లీ నాటడం దేనికి?”

“మీ ఇష్టం. తర్వాత ఏడవద్దు.”

“మీరు మీ లిఫ్టులు చూసుకోండి!”

అమ్మ తల పట్టుకుంది. “చెరి మూడు తీసుకోండర్రా. నా ప్రాణం తీయకండి.”

మూడు ప్రహరీ పక్కన నేలలోకి వెళ్లాయి. మిగతా మూడూ మెట్ల మీద కుండీల్లోకి ఎక్కాయి.

ఆ రోజు నుంచీ ఆమెకు మనశ్శాంతి లేదు. పొద్దున్నే పైనుంచి “ఇంకా చిగురు రాలేదా అండీ?” అని పలకరింపు. పోనీ తన కుండీలైనా చూసుకుంటాడా? ఎక్కడో లిఫ్ట్ ఆగిపోయిందని వెళ్తే రోజుల తరబడి రాడు. కుండీల్లో మట్టి బీటలు వారేది. మొక్కలేం పాపం చేశాయని, అతన్ని తిట్టుకుంటూ ఆమే నీళ్లు పోసేది. అతను తిరిగొచ్చి, “చూశారా, నా కుండీలు ఎంత పచ్చగా ఉన్నాయో!” అనేవాడు. ఆమె పళ్లు నూరుకునేది.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. నేలలో మొక్కలు ఏమైపోయాయోనని ఆమె షాపు నుంచి పరుగున వచ్చింది. ప్రహరీ పక్కన అతను తడిసి ముద్దయి, బురదలో గొంతుక్కూర్చుని నీళ్లు పోయేందుకు కాలువ తీస్తున్నాడు.

“మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు?”

“నా కుండీలకి నీళ్లు పొయ్యమని మీకెవరు చెప్పారు?”

ఆమె బిత్తరపోయింది. “తెలిసే గొప్పలు పోయారా?”

“మీరెప్పుడు విరుచుకుపడతారా అని చూశాను.”

నవ్వాలో కొట్టాలో తెలియక, ఆమె పార లాక్కుని తనూ తవ్వడం మొదలుపెట్టింది.

తొలి మొగ్గలు వచ్చిన వారమే అమ్మ కబురు మోసుకొచ్చింది. “పైవాడు ఇల్లు ఖాళీ చేస్తాడటే.”

ఆమె మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కింది. అతను కుండీలకు గోనె చుడుతున్నాడు.

“కంపెనీ వేరే ఊరికి మార్చిందండీ. నాకిది మామూలే. అందుకే కుండీలంటాను. నేలలో నాటుకుంటే వదిలేసి పోవాలి కదా.”

“పోయేవారు ఆ వానలో కాలువెందుకు తవ్వారు? రోజూ నాతో గొడవెందుకు పెట్టుకున్నారు? ఇంత అలవాటు చేసి పోతే రేపట్నుంచి నేనెవరితో పోట్లాడాలి?”

అతని చేతిలో గోనె జారిపోయింది. “ఉండమని ఒక్క మాట అనొచ్చుగా?”

“ఉంటానని మీరే అనొచ్చుగా!”

“ఉంటాను,” అన్నాడతను మెల్లగా. “లిఫ్టులు బాగుచేసేవాడికి ఏ ఊళ్లోనైనా పని దొరుకుతుంది. ఇలా తిట్టేవాళ్లు దొరకరు.”

కిందినుంచి అమ్మ గొంతు వినిపించింది. “బాబూ, మీ అమ్మగారి నంబరు చెప్పు!”

కుండీల్లో మొక్కలు నేలలో నాటేందుకు కిందికి దిగాయి. అమ్మ వరండాలో ఫోను పట్టుకుని మాట కలిపింది. “వదినగారూ, మీ అబ్బాయీ మా అమ్మాయీ ఒకరంటే ఒకరు ఇష్టపడ్డారండీ…”

“అంత దగ్గరగా నాటితే గాలి ఎలా ఆడుతుంది?” పెరట్లోంచి కేక.

“మీకేం తెలుసని!” ఇంకా పెద్ద కేక.

అమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిట్టూర్చింది. “ఆ అరుపులా? అబ్బే, ఏం లేదండీ. వాళ్లిద్దరే… మాట్లాడుకుంటున్నారు.”