మగ్గం గుంట మీది మిషను

పొద్దు మునిగిందంటే తిక్కయ్య ఇంటి వైపు ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు. ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో అమావాస్య నాడు మగ్గం ఎక్కకూడదని అందరూ పాటించేవాళ్ళు. ఆ మనిషి మాత్రం ఒక అమావాస్య పూట పంతం పట్టి, గుంటలోకి కాళ్ళు దించి మగ్గం ముందు కూర్చున్నాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే... పోయాడు. పోగు విసిరే నాడె చేతిలోది చేతిలోనే ఉందట.

అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఆ ఇంట్లో మగ్గం ఆడుతుందన్నారు. విన్నామన్నవాళ్ళు వీధి నిండా ఉన్నారు. చూశామన్నవాళ్ళు — ఒక్కరూ లేరు.

దెయ్యమున్న ఇంటితో ఒక సుఖముంది. బాడుగ తక్కువ.

అందుకే పక్కింటి బసవరాజు దాన్ని తీసుకున్నాడు. తన మగ్గం అమ్మేసి, బళ్ళారి నుంచి లారీలో ఒక వీడియో గేమ్ మిషను దించాడు. బీరువాలో సగముంటుంది, ముందు టీవీ మాదిరి అద్దం, దాని కింద తిప్పడానికి ఒక పుల్ల, నొక్కడానికి రెండు బొత్తాలు. తిక్కయ్య గుంట పూడ్చడానికి కూలికి ఒక్కడూ రాలేదు. సరేనని గుంట మీద చెక్క పలకలు పరిచి, మిషనును వాటి మీదే నిలబెట్టాడు.

ఆట ఇదీ — నల్లటి ఆకాశం, వెనక్కి జారిపోయే చుక్కలు. బాణం మొనంత విమానం ఒకటి ఎడమ నుంచి కుడికి పోతూనే ఉంటుంది. ఆగేది లేదు, వెనక్కి మళ్ళేది లేదు. ఎదురొచ్చినవాటినల్లా కాల్చుకుంటూ పోవాలి. కొండలు దాటి, గుహలు దాటి పోతే ఆఖర్న అద్దంలో సగం నిండే ఓడ ఒకటి వస్తుంది. దాని నడిమధ్య ఎర్రటి కన్ను. ఆ కన్ను పగలగొట్టినవాడు ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

మగపిల్లలు పొద్దున్నుంచే మూగేవాళ్ళు. ఆడపిల్లలు రాకూడదని అక్కడ ఎవరూ రాసి పెట్టలేదు. రాయాల్సిన అవసరం లేదు గనక.

బసవరాజు చెల్లెలు హులిగమ్మకు మాత్రం ఆ ఇంట్లోకి పోయే హక్కుండేది — చీపురుతో. ఐదో తరగతితో బడి మాన్పించారు. నూలు బేళ్ళ మీది అచ్చు చూసి ఇంగ్లీషు అక్షరాలు తనకు తానే కూడబలుక్కుంది. ఊడుస్తూ ఊడుస్తూ మగపిల్లల చేతులు చూసేది. వాళ్ళు ఎక్కడ చస్తారో ఆమెకు ముందే తెలిసిపోయేది. చెప్పడానికి నోరు దురద పెట్టేది.

ఒక రాత్రి ఆ దురద చేతుల్లోకి దిగింది.

వాళ్ళ ఇంటి పెరటికీ తిక్కయ్య ఇంటికీ నడుమ ఒక్క తలుపే అడ్డం. దాని తాళంచెవి, మిషను చెవితో కలిసి, అవ్వ మంచం పక్కన మేకుకు వేలాడుతుంది. అవ్వ హంపమ్మ వక్కాకు నమిలి నమిలి, తమలపాకు సంచి తలకింద పెట్టుకుని గురక పెడుతోంది. హులిగమ్మ ఊపిరి బిగబట్టి తాళంచెవి తీసింది...

ఆ రాత్రి ఆమె ఊళ్ళో మగపిల్లలందరి కంటే దూరం పోయింది.

బాగా ఆడినవాళ్ళను మూడు అక్షరాలు రాసి పొమ్మంటుంది మిషను. తన పేరు రాస్తే తెల్లారేసరికి అన్న కాళ్ళు విరగ్గొడతాడు. రాయకుండా పోవడానికి మనసు రాదు. పుల్ల తిప్పి తిప్పి తిక్కయ్య పేరుకు టి, కె, వై అని కొట్టింది. మిషను ఆపితే రాసిన పేర్లన్నీ చెరిగిపోతాయి. అందుకని ఆపకుండానే తలుపు వేసుకుని వచ్చేసింది.

ముందు మనిషి లేకపోతే ఆ మిషను గమ్మున ఉండదు. జనాన్ని పిలవడానికి తనంతట తానే కాసేపు ఆడి చూపిస్తుంది. అది అర్ధరాత్రి మూసిన ఇంట్లో ఆడితే ఎలా ఉంటుందో హులిగమ్మకు తట్టలేదు.

తెల్లారి వీధంతా అదే మాట.

"కిటికీలో నీలంగా ఎలుగు. పుల్ల కదల్లేదన్నా, ఇమానం మాత్రం పోతాండాది!"

"పేరు గూడా రాసిపెట్టి పోయినాడంట."

"తిక్కయ్యకు ఇంగ్లీషు యాడిదిరా? ఏలిముద్ర మనిషి."

"సచ్చినాక అన్నీ వస్తాయి లేప్పా."

మిషను దానంతటదే ఆడుతుందని బసవరాజుకు తెలుసు. అక్షరాలు ఎవడో పోకిరీ రాసుంటాడనుకున్నాడు. అయినా నోరు విప్పలేదు. దెయ్యాన్ని ఓడించి పేరు తెచ్చుకుందామని ఆదోని నుంచి, నందవరం నుంచి పిల్లలు బస్సులెక్కి వస్తుంటే, నిజం చెప్పి వెనక్కి పంపేంత మంచివాడు కాదతను.

హులిగమ్మకూ అదే మేలైంది. ఆడపిల్ల ఒంటరిగా పోయి రాత్రి ఆడుతోందంటే ఊరు ఊరంతా లేచేది. దెయ్యం ఆడుతోందంటే — సర్దుకుంది. చచ్చిన మగవాడికి ఉన్న వీలు బతికున్న ఆడదానికి లేదని అప్పుడే తెలిసింది ఆమెకు. వీలైన రాత్రల్లా పోయేది. ఎర్రకన్ను దాకా పోయేది. అక్కడ చచ్చేది. ఒక్కసారి... ఒక్కసారి దాన్ని పగలగొట్టాలి. అప్పటిదాకా ఆ మిషను ఆ పలకల మీదే ఉండాలి.

అంతలో వీధిపెద్ద నరసింహులు అడ్డం వచ్చాడు. ఆయన కొడుకు మగ్గం వదిలి పుల్ల పట్టుకున్నాడు. ఆయన కడుపుమంట అది.

"బసవా, రేపు ఆయుధపూజ. పూజ చేసిన పనిముట్టును తెల్లారేదాకా మన వీధిలో పసిబిడ్డ గూడా ముట్టదు. రేత్రికి కిటికీ కాడ నేనే కాపలా ఉంటా. ఎవురన్నా ముట్టినారంటే అది మనిసి కాదు. ఇంగ నీ మిషను పొద్దున్నే లారీ ఎక్కల్ల!"

"అట్లే మామా," అన్నాడు బసవరాజు. వీధిని కాదని వీధిలో బతకలేడు.

హులిగమ్మ గుండె కుదుటపడింది. ఆ రాత్రి తను పోదు. ఎవరూ ముట్టరు. మిషను ఎక్కడికీ పోదు.

పూజ ఘనంగా జరిగింది. మిషను నెత్తిన బంతిపూల మాల, అద్దం అంచున పసుపు, కుంకుమ. పనిముట్టు నడుస్తుండగానే దండం పెట్టాడు బసవరాజు. తర్వాత స్విచ్చి వైపు చెయ్యి పోనిచ్చాడో లేదో, అవ్వ గట్టిగా అరిచింది.

"ముట్టగాకురా! పూజైనాక ముడితే కండ్లు పోతాయి. అట్లే ఆడనీ."

అట్లే ఆడనిచ్చారు.

రాత్రి హులిగమ్మ దుప్పటి కప్పుకుని పడుకుంది. గోడ అవతల నుంచి సన్నగా — డబ్... డబ్... డబ్... మిషను తనంతట తానే ఆడుకుంటోంది. వింటూ వింటూ కన్ను మూతపడింది.

కేక.

వీధిలో పరుగు. తలుపు దబదబా బాదారు. నరసింహులు పంచె చేత్తో పట్టుకుని గడపలో కూలబడ్డాడు.

"బసవా... చూసినా... నా కండ్లతో చూసినా..."

"ఏం చూసినావ్ మామా?"

"తెల్లెంట్రుకలు... వంగిన ఈపు... మొగం నీలంగా... నోరు ఎర్రగా..." ఆయన గొంతు తగ్గిపోయింది. "నములుతాంది బసవా. ఏమో... నములుతాంది."

హులిగమ్మ తలుపు చాటున నిలబడి వింది. మిషను తనంతట తానే ఆడుతుంది, నిజమే. మరి మిషనుకు తెల్లజుట్టు ఎక్కడిది?

పొద్దున్నే లారీ వచ్చి నిలబడింది. ఆఖరిసారి ఊడ్చి వస్తానని హులిగమ్మ చీపురు పట్టుకుని లోపలికి పోయింది. పాదాల కింద పలకలు కిర్రుమన్నాయి. గుంటలోంచి చల్లటి గాలి...

అద్దంలో పేర్లు వస్తున్నాయి. తిక్కయ్య పేరు రెండో వరసలోకి జారింది. దాని పైన మూడు అక్షరాలు.

ఎ. ఎ. ఎ.

తనంతట తాను ఆడినప్పుడు మిషను పేరు రాసుకోదు. పుల్ల తిప్పకుండా బొత్తాం మాత్రమే మూడుసార్లు నొక్కితే వచ్చే అక్షరాలవి. అంటే... అక్షరాలు రానివాళ్ళు రాసినవి. తిక్కయ్య వేలిముద్ర మనిషి!

చీపురు చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోతే కనిపించింది — ఎర్ర బొత్తాం మీద, బొటనవేలంత, తెల్లటి మరక.

బయట నరసింహులు లారీవాణ్ణి తొందర చేస్తున్నాడు. అరుగు మీద కూర్చున్న అవ్వ తమలపాకు తొడిమ తుంచుతూ, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"నరసింహులూ, తిక్కయ్య పాపం ఈడ ఆడుకుంటాండాడు గదా?"

"అదే గదమ్మా నేను చెప్పేది!"

"దీన్ని లారీకెక్కిస్తే రేపట్నుంచి యాడ ఆడుకుంటాడప్పా?"

నరసింహులు లారీ వైపు చూశాడు.

"నిన్న కిటికీలోంచి నీ మొగమే చూసినాడు. నీ ఇల్లు గూడా తెలుసునాయె," అంది అవ్వ.

నరసింహులు లారీవాణ్ణి పొమ్మని చేత్తో సైగ చేశాడు. లారీ ఖాళీగా బళ్ళారి పోయింది.

వీధి చెదిరిపోయింది. హులిగమ్మ వచ్చి అరుగు పక్కన నిలబడింది. అవ్వ సున్నపు డబ్బీ తెరిచి, బొటనవేలు ముంచి, ఆకుకు రాసింది. ఆ వేలు తెల్లగా, గుండ్రంగా... హులిగమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"అవ్వా..." డబ్బీ పక్కకు జరిపి కూర్చుంది. "పూజ చేసినదాన్ని ముట్టొచ్చునా?"

"నేను యాడ ముట్టినా? తిక్కయ్య గదా ముట్టింది." ఆకు బుగ్గన పెట్టుకుంది అవ్వ. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు పోయొచ్చినాక రోజూ నేనూ ఒక ఆట ఆడొచ్చేదాన్ని. పేరు రాయడానికి నిన్నగాని చాలినన్ని పాయింట్లు రాలే. అది సరేగానీ మే పాపా... ఆ ఎర్రకన్నుది ఎంత కొట్టినా సావదేమే? యాడ కొట్టల్ల?"

హులిగమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ వారంలోనే వీధికి కొత్త సంగతి తెలిసింది. తిక్కయ్య ఇంట్లో దెయ్యం ఒకటి కాదట, రెండట. ఒకదానికి తెల్లజుట్టు, ఇంకొకదానికి నల్లటి జడ. నడిరాత్రి ఆ కిటికీ పక్కగా పోయినవాళ్ళు ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతారు. లోపల నీలివెలుగు, డబ్ డబ్‌మని చప్పుడు, ఆ చప్పుడు నడుమ ఒక ముసలి గొంతు పళ్ళు కొరుకుతూ అంటుందట —

"పైకి లేపమే... పైకి... అయ్యో, సంపితివి గదే నన్ను!"