శూన్యం లేని భాష

కాకినాడ చేపల రేవులో పొద్దున్నే బేరాలు మొదలయ్యేసరికి, వినిపించే గొంతుల్లో సగం మెడలోని పట్టీలవే. 2087 నాటికి అది ఎవరికీ వింత కాదు. ఇరవై ఏళ్ళ కిందట పొడిగొంతు జ్వరం తీరమంతా తిరిగింది. ప్రాణాలను వదిలేసి స్వరపేటికలను మాత్రం తీసుకుపోయింది. ఆ తర్వాత వచ్చిందే గళపట్టీ. బొటనవేలంత వెడల్పున, మెడకు ఆనుకుని ఉండే మెత్తటి పట్టీ అది. మనిషి ఏదైనా అనాలనుకున్నప్పుడు, శబ్దం రాకపోయినా, గొంతు కండరాలకు నరాల నుంచి సంకేతాలు వెళ్తూనే ఉంటాయి. పట్టీ వాటిని చదివి, మాటలుగా కూర్చి, ఆ మనిషి పాత గొంతుతోనే పలుకుతుంది. విసుగు, వెటకారం కూడా పోకుండా పలుకుతుంది. అందుకే రేవులో బేరాలు ఏమాత్రం తగ్గలేదు.

పట్టీలో నడిచేది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. దాని మీద, సంకేతాన్ని మాటగా మార్చే ప్యాకేజీ పేరు 'గళం'. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యవచ్చు. చాలా ఏళ్ళుగా బాగుచేస్తున్నది మాత్రం హైమ ఒక్కతే. పగలు ఆసుపత్రిలో ఉద్యోగం, మిగిలిన పొద్దంతా ఉప్పుటేరు ఒడ్డున ఇంటి వరండాలో గళంతో కాలక్షేపం.

గళాన్ని రాసిన ప్రోగ్రామింగ్ భాష పేరు తీగ. దాని తొమ్మిదో కూర్పులో, అంటే తొమ్మిదో తీగలో, 'శూన్యం' అనే విలువ ఉండేది. అడిగినదానికి జవాబు దొరకకపోతే ప్రోగ్రాము శూన్యం తిరిగి ఇచ్చేది. ఎక్కడో ఒక వంతెన మీద బరువు కొలిచే పరికరం చెడిపోయి శూన్యం పంపితే, వంతెన మీద బరువే లేదని తక్కిన యంత్రాలు అర్థం చేసుకున్నాయి. అలాంటివి మరికొన్ని జరిగాక పదో తీగలో శూన్యాన్ని తీసేశారు. జవాబు లేకపోతే ఎందుకు లేదో పేరు పెట్టి చెప్పాలి. ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాము నడవదు. హైమకు ఆ నియమం నచ్చింది కూడా.

అయితే ఆ సాయంత్రంతో లినక్స్ ప్యాకేజీల భాండాగారం తొమ్మిదో తీగను వదిలేస్తోంది. పొద్దుగూకేలోగా పదో తీగలోకి రాని ప్యాకేజీలన్నీ బయటికే. పట్టీలు భాండాగారాన్ని చూసి వాటంతటవే తాజా అవుతాయి కాబట్టి, గళం అందులో లేకపోతే మర్నాడు రేవంతా మూగబోతుంది. పట్టీ వాడే మనిషి ఒకరు పెట్టుకుని చూసి సరేననాలి, ఆ తర్వాతే కొత్త గళం బయటికి వెళ్ళాలి అన్నది మరో నియమం. మొదటినుంచీ ఆ మనిషి పక్కింటి తాతారావు. ఒకప్పుడు లాంచీ నడిపిన సరంగు. జ్వరంలో గొంతు పోయినవాళ్ళలో ఆయనొకడు.

పాత ప్రోగ్రామును కొత్త భాషలోకి మార్చే యంత్రాన్ని హైమ 'మేస్త్రి' అని పిలుస్తుంది. ఆ మధ్యాహ్నం మేస్త్రి పని దాదాపు ముగించి, ఒకచోట ఆగిపోయింది.

"గొంతు కదలకపోతే ఇదివరకు శూన్యం. దానికి 'మౌనం' అని పేరు పెట్టాను," అంది మేస్త్రి. "గొంతు కదిలినా మాట దొరకకపోతే, అదీ శూన్యమే. దీనికేం పేరు?"

"గొంతు సవరించుకోవడమై ఉంటుంది."

"సవరింపు సంకేతం వేరు. ఇది చాలామందిలో ఉంది, ఇంచుమించు ఒకేలా ఉంది. మౌనంలో కలుపుదామంటే పదో తీగ ఒప్పుకోదు, గొంతు కదిలింది కదా. దగ్గరి పదం ఏదైనా పెట్టనా?"

పొద్దు వాలుతోంది. "పెట్టు," అంది హైమ.

తాతారావు వరండా బల్ల మీద కూర్చుని కొత్త గళం ఎక్కించిన పట్టీ పెట్టుకున్నాడు.

"ఏవమ్మాయ్, తొందరగా కానీ. మీ పిన్ని వంకాయ పులుసెట్టింది, సల్లారిపోద్ది," అంది పట్టీ. గొంతు స్వచ్ఛంగా ఉంది. హైమ ఊపిరి పీల్చుకుంది.

ఇంతలో ఆయన భార్య నూకాలు గోడ పక్కనుంచి వచ్చి మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆయన పెదవులు కదలలేదు.

"థాంక్సండి," అంది పట్టీ.

నూకాలు ఆగిపోయింది. "ఏంటన్నావ్?"

"నేనన్లేదు!"

"నీ గొంతే కదా! థాంక్సంట! పైగా అండి ఒకటి! నేనేమన్నా హోటల్లో మజ్జిగ పోసేదాన్నా? ఇన్నేళ్ళు కాపరం చేస్తే ఇవాళ పరాయిదాన్నయిపోయానా?"

"అన్లేదంటే ఇనవేంటే!"

ఆవిడ కోపంగానే ఆయన భుజం మీంచి జారిన కండువా తీసి చేతిలో పడేసింది.

"థాంక్సండి."

తాతారావు మొహం కందగడ్డ అయింది. "అమ్మాయ్, పెళ్ళానికి థాంక్సులు చెప్పుకుంటా తిరుగుతున్నాడని రేవంతా నవ్వుద్ది. ఇదిలా వాగితే నాకొద్దు. మూగోడిగానే ఉంటా." పట్టీ తీసి బల్ల మీద పెట్టేశాడు. ఇక ఆయనేమీ అనలేడు. ఏటివైపు తిరిగి కూర్చున్నాడు.

ఆయన సరేనంటేగాని గళం కదలదు. మళ్ళీ మొదలుపెట్టేంత పొద్దు లేదు.

"ఆ మాటే ఎందుకు పెట్టావు?" అని మేస్త్రిని అడిగింది హైమ.

"కొట్లో చిల్లర ఇచ్చినవాడితో ఆయన ఆ మాట అంటాడు. అప్పటి సంకేతానికి దీనికి పోలిక ఉంది. ఆయన ఒప్పుకుని ఇచ్చిన పరీక్షల రికార్డుల్లో చూశాను, ఆమె ఏదైనా అందించిన ప్రతిసారీ ఇది వచ్చింది. మిగతావాళ్ళ పరీక్షల్లోనూ అంతే, ఇంట్లోవాళ్ళ దగ్గరే వచ్చింది. తొమ్మిదో తీగ అన్నిటినీ శూన్యంలో వేసింది."

థాంక్స్ అనే మాట వీధిలోవాళ్ళకు చెప్పడానికి ఉంది, అనుకుంది హైమ. ఆఫీసులో ఉంది, సభల్లో చివరికి వందన సమర్పణ ఉంది. కంచంలో అన్నం పెట్టిన మనిషితో అంటే మాత్రం, ఆ మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టే ఉంటుంది. లేని మాట కోసం యంత్రం వీధిలోకి వెళ్ళి వెతికి తెచ్చింది. దాని తప్పేముంది?

"పిన్నిగారూ," అంది. "జ్వరం రాకముందు, మీరేదైనా ఇస్తే బాబాయిగారు ఏమనేవారు?"

"ఏమంటాడు? ఏమీ అనేవోడు కాదు. ఊఁ అనేవోడు."

"ఊఁ?"

"అదే. గ్లాసిత్తే ఊఁ. కండువా ఇత్తే ఊఁ. నేను పొయ్యికాడ అటు తిరిగున్నా, అందిందని తెలిసేది..." నూకాలు గొంతు తగ్గింది. "ఆ ఊఁ ఇని ఎన్నేళ్ళయిందో. నువ్వడిగేదాకా నాకూ గేపకం లేదు."

గళం నిఘంటువులో లక్షల మాటలున్నాయి, ఊఁ లేదు. అది మాటేనని నిఘంటువు కూర్చినవాళ్ళెవరికీ తోచలేదు. హైమకూ తోచలేదు. "మేస్త్రీ, ఆ విలువకు పేరు 'ఊఁ'," అంది. "ముక్కులోంచి, నోరు తెరవకుండా."

మేస్త్రి మార్చింది. పదో తీగ అడ్డు చెప్పలేదు. హైమ బతిమాలితే తాతారావు ముఖం ముడుచుకునే పట్టీ పెట్టుకున్నాడు. నూకాలు గ్లాసు మళ్ళీ నింపి అందించింది.

"ఊఁ," అంది పట్టీ, పాత సరంగు గొంతుతో, సన్నగా.

నూకాలు గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. కోపమనుకుంది హైమ. ఆవిడ చేగోడీల పళ్ళెంతో వచ్చింది. ఊఁ. మళ్ళీ వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"దాహం లేదే."

"లేకపోయినా తాగు."

"ఊఁ."

విసనకర్ర వచ్చింది. తలగడ వచ్చింది. చివరికి వీధిలో తిరిగే, ఎవరిదో కూడా తెలియని పిల్లిపిల్ల ఒకటి వచ్చి ఆయన ఒళ్ళో పడింది. అన్నిటికీ ఊఁ.

"బానే ఉంది. పంపెయ్యమ్మాయ్," అన్నాడు తాతారావు, పిల్లిని దింపుతూ. "లేపోతే మీ పిన్ని ఇల్లంతా ఖాళీ చేసేత్తది."

ఇంకా కాస్త ఎండ ఉంది. హైమ ప్యాకేజీ మూట కడుతోంది. నూకాలు అలిసిపోయి, ఉత్త చేతులతో వచ్చి, ఆయన పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఊఁ," అంది పట్టీ.

"ఇప్పుడేం ఇచ్చానని?"

తాతారావు ఏటిలో పోతున్న పడవను శ్రద్ధగా చూస్తూ, "మిషను తప్పు," అన్నాడు.

"ఆమె ఏమీ ఇవ్వలేదు," అంది మేస్త్రి హైమ చెవిలో. "లోపం. సరిచెయ్యనా?"

హైమ సంకేతాన్ని తెరిచి చూసింది. ఎక్కడా మసక లేదు. మిగతా అన్నిటికంటే ఇదే తేటగా ఉంది.

"అవును బాబాయిగారూ, మిషను తప్పే," అంది పైకి. ఇన్నేళ్ళలో గళంలో తప్పున్నదని ఆమె ఒప్పుకోవడం అదే మొదలు. తర్వాత, కొత్త గళంతోపాటు వెళ్ళే వివరణలో 'తెలిసిన లోపాలు' అన్నచోట ఇలా రాసి, భాండాగారానికి పంపింది:

"ఎవరూ ఏమీ ఇవ్వకపోయినా ఒక్కోసారి ఊఁ అంటుంది. దయచేసి ఎవరూ దీన్ని సరిచెయ్యవద్దు."