సూది తగలకూడని జెండా

మర్డో ప్రింగిల్ చేసిన ద్రోహం ఇన్నెస్ గుండెలో ముల్లులా కదులుతూనే ఉంది. మర్డో సొంత బావమరిది, పైగా పాత సైనికుల సంఘానికి పెద్ద. ప్రభుత్వం తమ పటాలాన్ని రద్దు చేశాక, దాని డోళ్లూ పతకాలూ వెండి గిన్నెలూ ట్వీడ్ నది ఒడ్డున తమ ఊళ్లోనే ఉండాలని ఇన్నెస్ పొలం అమ్మి కవాతు హాలుకి కప్పు వేయించాడు. మర్డో ఏమో నగరం మ్యూజియం వాళ్లకి సంతకం పెట్టొచ్చాడు. ఆ కాగితం ప్రకారం చర్చిలో పటాలం జెండా వేలాడినన్నాళ్లే అవి ఇక్కడుంటాయి. అది ఊడిపడిన రోజు అన్నీ వాళ్లవే.

ఆ జెండాకి సూది తగలకూడదన్నది పటాలం ఆచారం. యుద్ధంలో చిరిగింది చిరిగినట్టే పోగుపోగుగా రాలి మట్టిలో కలవాలి. రాలిన పోగుల్ని ఇన్నెస్ ప్రతి ఆదివారం ఏరి పొగాకు డబ్బాలో దాచేవాడు. ఈమధ్య డబ్బా తొందరగా నిండుతోంది.

నవంబరు, యుద్ధాల్లో పోయినవాళ్లని చర్చిలో తలుచుకునే అమరుల ఆదివారం. పొద్దున్నే ఇన్నెస్ కోటు బొత్తాలు తోముకుంటున్నాడు. కూతురు ఎఫీ ఓట్స్ జావ ముట్టలేదు. చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంది.

"ఇవాళ పోగులు రాలవులే నాన్నా."

"అలాంటి మాట పైకి అనకూడదే."

బయట గాలి ఉత్తరానికి తిరిగింది.

చర్చిలో తలెత్తి చూసి ఇన్నెస్ నడవలోనే ఆగిపోయాడు. జెండా పాత పట్టుబట్ట మీద అడ్డదిడ్డంగా కొత్త కుట్లు. గాలం దారంతో జెండాని కర్రకి బిగించి కుట్టారెవరో. నేరుగా మర్డో మీదకి వెళ్లాడు.

"నీ పనేనా ఇది?"

మర్డో ఒక్కసారి ఎఫీ వైపు చూశాడు. "నాదే బావా."

"మీ అక్క బతికుంటే నీ మొహాన ఉమ్మేది."

"ఉమ్మనీలే. ముందు వరసలో నిలబడు, జనం చూస్తున్నారు."

బాకా ఊదేవాడి కోసం పెద్ద తలుపు తీశారు. గాలి విసిరికొట్టింది. జెండా ఎప్పట్లా వదులుగా ఊగలేదు, తెరచాపలా బిగుసుకుంది. గట్టి దారం పాత పట్టుని కోసుకుంటూ పోయింది. కర్రకి కుట్లే మిగిలాయి. పట్టు వచ్చి ఇన్నెస్ కాళ్ల ముందు పడింది.

"మావయ్య కాదు నాన్నా, నేను," అంది ఎఫీ. "అది పడిపోతే నువ్వు బతకవనుకున్నాను."

చాపిన వేళ్ల నిండా సూది గాట్లు. చర్చి తాళంచెవి ఉండేది మర్డో దగ్గరే, ఎఫీకి ఇచ్చింది అతనే. మేనకోడలి తప్పు తన నెత్తినేసుకున్నాడు. ఇన్నెస్ తిట్టబోయాడు, ఏడుపొచ్చింది. ఆ చేతుల్ని తన కోటులోకి తీసుకున్నాడు.

"ఒక్కమాట నన్నడగాల్సింది కదే."

"అడిగాను. ఆచారం అన్నావు. ఎందుకో చెప్పలేదు."

ఎందుకో ఆ క్షణం దాకా అతనికీ తెలీదు.

మర్నాడు నగరం నుంచి బండి వచ్చి డోళ్లు ఎక్కించుకుపోయింది. తండ్రీకూతుళ్లు హాలు మెట్ల మీద కూర్చుని చూశారు. మర్డో వచ్చి పక్కన కూర్చుంటే ఇన్నెస్ పొమ్మనలేదు, కాస్త జరిగాడు. వెనక కొత్త కప్పు కింద ఖాళీ గది. ఎదురుగా నది అవతల ఎవరివో గొర్రెలు మేస్తున్నాయి, ఒకప్పుడు తనవైన పదకొండు ఎకరాల్లో.