పాత స్టిక్కు

"పదకొండున్నరకు కాంచనను చంపేస్తారు. ముఠాకు అనుమానం వచ్చింది, పాపం ఆ పిల్లకు తెలీదు," అంది చీఫ్ ఇందుమతి. "గుడియాత్తంలో యాడ కలుస్తారనేది ఈ ఫ్లాపీలో ఉండాది."

1998. వేలూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెనకున్న సీక్రెట్ ఆఫీసు. టైమ్ పది. కాంచన విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. కోడ్‌లో పంపిన ఫ్లాపీ కవరు మీద 'సురేంద్రన్‌కు' అని రాసింది.

ఏజెంట్ వరదప్పకు ఒళ్ళు మండింది. మూడేళ్ళు మారువేషాలేసి ఆమెకు కాపలా కాసింది తను. కవరు మాత్రం ఏసీ గదిలో కూర్చునే ఈ కంప్యూటర్ కుర్రాడు సురేంద్రన్‌కా!

డీకోడింగ్ మొదలైంది. స్క్రీన్ మీద గంట పడుతుందని వచ్చింది. గుడియాత్తానికి జీపులో ఇంకో ముప్పావు గంట.

"కొత్త ర్యామ్ వేసినావు గదా, స్పీడేది?" అన్నాడు వరదప్ప.

"నూరు మెగాహెర్ట్‌జ్‌దే వేసినానన్నా. అరవై ఆరులోనే పోతా ఉండాది. ఏలనో తెలీలే."

వరదప్ప కేబినెట్‌లోకి తొంగిచూశాడు. కొత్త ర్యామ్ స్టిక్కు పక్కన అరవై ఆరుది పాతది కూడా ఉంది. సురేంద్రన్ మేస్త్రీ కొడుకు. పాత ఇటుకను కూడా పారేయని ఇల్లు.

వరదప్పది గుడియాత్తం మగ్గాల ఇల్లు. సంగతి ఇట్టే తెలిసింది. చెబితే కాంచన బతుకుతుంది, పేరు సురేంద్రన్‌కు వస్తుంది. మూడు నిమిషాలు అసూయతో నోరు పెగల్లేదు. దానికి తర్వాత చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాడు.

"పాతది పెరికెయ్యప్పా. పడుగులో నాలుగు పాత పోగులు కలిసినా మగ్గమంతా వాటి వేగానికే నెయ్యాల."

సురేంద్రన్ దాన్ని లాగి వరదప్ప చేతిలో పెట్టి, బయోస్ సెట్టింగుల్లో వేగం వందకు మార్చి, మళ్ళీ మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు! పది నలభై మూడుకు జవాబు వచ్చింది: గుడియాత్తం, నూలు అద్దకం షెడ్డు.

పదకొండు ఇరవై ఎనిమిదికి లుంగీల వ్యాపారి వేషంలో వరదప్ప షెడ్డు తలుపు తన్నాడు. కాంచన కణతకు పిస్టల్ ఆనించి ఉంది. వరదప్ప గొడుగు పిడి నొక్కాడు. మత్తు సూది తగిలి ముఠా నాయకుడు కూలబడ్డాడు.

"ఇంత బిరీన ఎట్ల కనుక్కున్నారు?" అంది కాంచన.

"సురేంద్రన్ కంప్యూటర్," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఆమె పరుగున పోయి, జీపు నడిపిన సురేంద్రన్ పక్కన కూర్చుంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. వెనక సీట్లో, సంకెళ్ళతో కళ్ళు తెరుస్తున్న ఖైదీ పక్కన వరదప్ప కూర్చున్నాడు. జేబులోంచి పాత స్టిక్కు తీశాడు.

"ఇది మంచిదే నాయనా," అన్నాడు ఖైదీతో. "కొత్తదాని పక్కన ఉండకూడదు, అంతే."